పోత స్కేలు

23 జనవరి 1956, సోమవారం

ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించేది కాదు. సార్‌కి చూపించడానికి వేరేది ఉంది. దానికి బ్రౌన్ కాగితం అట్ట వేసి, పైన "చేతిపని నోటుబుక్కు, కోదండరాం, ఫోర్తు ఫారం, తెలుగు సెక్షన్" అని వంకర లేకుండా రాశాను. బాలసుందరం సార్ ప్రతి శుక్రవారం దాన్ని చూసి సంతకం పెడతారు. ఈ వారం ఏ పని చేశావు, ఏ పనిముట్టు వాడావు, దానివల్ల ఏం నేర్చుకున్నావు, ఇవన్నీ దాంట్లో రాయాలి. "తకిలీ తిప్పి తిప్పి నూలు తెగిపోతుంటే దాన్ని కిటికీలోంచి పారెయ్యాలనిపించింది" అని అందులో రాస్తే ఊరుకుంటారా? "ఓర్పు నేర్చుకున్నాను" అని రాశాను. సంతకం పడింది.

అందుకని ఇది. పోయిన ఏడాది లెక్కల నోటుబుక్కులో మిగిలిపోయిన కాగితాలు. ఇందులో నిజం రాసుకుంటాను.

తకిలీలో నేను ఆఖరు. పుస్తకాల బైండింగులో జిగురు నా చొక్కాకే ఎక్కువ అంటుకుంది. ఇప్పుడు వడ్రంగం వచ్చింది. ఇక చూసుకోండి! ఆచారి కొడుకుని నేను. బడి లైబ్రరీకి పుస్తకాల బీరువా చెయ్యాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, అద్దాల తలుపులు. సార్ కొలతలు వేసి పటం గీసి ఇచ్చారు. ఎవరో పెద్దమనిషి ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన పాత టేకు పలకలు ఇచ్చారు. బీరువా చట్రమూ తలుపులూ నావి. లోపలి అరలు ఇన్నాసివి. మిగతావాళ్ళు ఉప్పుకాగితం రుద్దాలి, పాలిషు పెట్టాలి. మార్చిలో ఇన్‌స్పెక్టరు వస్తారట. వచ్చే జూన్‌లో బడిలోనే ఫిఫ్తు ఫారం ఇంజనీరింగు క్లాసుకు పన్నెండుమందినే తీసుకుంటారు. ఈ బీరువా పనిని బట్టే సార్ పేర్లు రాస్తారు.

ఇన్నాసి నా బెంచీయే. వాళ్ళమ్మ లూర్దుమేరి రైల్వే యార్డులో ఇంజన్ల బూడిద ఎత్తుతుంది. వాడు బద్ద లేకుండా తిన్నగా గీత గీస్తాడు. అరల పని వాడికిచ్చినందుకు క్లాసులో కొందరు మూతి తిప్పారు. నేనేం తిప్పలేదు. అరలే కదా అనుకున్నాను.

24 జనవరి

బడిలో అడుగుబద్దలు చూస్తే నవ్వొస్తుంది. చివర్లు అరిగిపోయాయి, అంకెలు మాసిపోయాయి. ఒకదాన్ని ఎవడో పళ్ళతో కొరికాడు కూడా. వాటితో బీరువా చేస్తే ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నట్టే.

మా నాయన పెట్టెలో ఒక స్కేలుంది. ఉక్కుది, రెండడుగులది, సీమ నుంచి వచ్చినది. నాయన రైల్వే వర్కుషాపులో అచ్చుల వడ్రంగి. చెక్కతో అచ్చు చేస్తాడు. దాన్ని ఇసుకలో ఒత్తి, ఏర్పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారట. అంతకుమించి నాకు తెలియదు. అడగనూ లేదు. ముక్కు నిండా రంపపు పొట్టుతో ఇల్లు చేరే మనిషిని ఏం అడుగుతాం? ఆ స్కేలు ఆయన పనికి కూడా తీసుకుపోడు. పైన ఉండే ఫోర్మన్ దొర సీమకు వెళ్ళిపోతూ నాయన చేతిలో పెట్టి ఇచ్చాడట. నూనెగుడ్డలో చుట్టి దాచుకున్నాడు. "దాన్ని ముట్టుకుంటే వేళ్ళు ఇరుగుతాయి" అని నాకు చిన్నప్పటి నుంచే వార్నింగు.

నాయన పొద్దున ఏడుకే పోతాడు. సాయంత్రం వర్కుషాపు వదిలే సంగు కూసేసరికి నేను ఇంట్లో ఉంటాను. ఎవరికి తెలుస్తుంది?

25 జనవరి

సార్ స్కేలును ఎండలో పెట్టి తిప్పి తిప్పి చూశారు. "అబ్బా, ఏం స్కేలురా ఇది! గీతలు చూడు, వెంట్రుక మాదిరి ఉండాయి" అన్నారు. క్లాసంతా చుట్టూ మూగింది. ఒక చివర "96లో 1" అని ఇంగ్లీషులో సన్నగా చెక్కి ఉంది. అది కంపెనీ నంబరని చెప్పాను. ఎంత ధీమాగా చెప్పానంటే సార్ కూడా తలూపారు.

ఇన్నాసి మాత్రం బడి అడుగుబద్దతోనే కొలుచుకుంటున్నాడు. నాది ఇస్తానంటే, "వద్దులేరా, కింద పడితే మీ నాయన నిన్ను చంపతాడు" అన్నాడు.

2 ఫిబ్రవరి, గురువారం

ఈ రోజు బీరువా నిలబెట్టాం. చట్రం ఎంత బిగువుగా కూర్చుందో! మూలలు చూసి సార్ నా వీపు మీద తట్టారు. అంతవరకూ బాగానే ఉంది.

తర్వాత ఇన్నాసి తన అరలు తెచ్చాడు. ఐదు పలకలు, అద్దంలా చిత్రిక పట్టి. మొదటి పలక ఒకవైపు గాడిలో పెట్టాం. రెండోవైపు అందలేదు. జారి కిందపడింది. రెండోది పెట్టాం, అదీ అంతే. మూడోది నా కాలి మీద పడింది.

"ఏందిరా ఇది?" అన్నారు సార్.

"పటంలో ఉండే కొలతకే కోసినా సార్," అన్నాడు ఇన్నాసి.

"ఆ స్కేలు ఇట్టా తే కోదండరాం."

తెచ్చి ఇచ్చాను. సార్ నా స్కేలుతో ఇన్నాసి పలకను కొలిచారు. అర అంగుళం తక్కువ. ఇంకోటి కొలిచారు. అర అంగుళం తక్కువ. ఐదూ అంతే. తర్వాత అదే స్కేలుతో నా చట్రం కొలిచారు. నాలుగడుగులు, వెంట్రుకంత తేడా లేదు.

"ఐదు పలకలు! టేకు! మళ్ళా యాడ తెచ్చేదిరా నేను?"

"నేను మూడుసార్లు కొలిచినా సార్. నిజంగా సార్."

"కొలిస్తే ఎట్ల తక్కువైంది? పలక ఎండకు కుంగిందా?"

క్లాసు నవ్వింది. సార్ ఊపులో ఉన్నారు. "రంపం అందరి చేతికీ రాదురా. నిన్ను తీసుకొచ్చి ఈ పనిలో పెట్టిండేది నాది బుద్ధి తక్కువ. ఇంజనీరింగుకి నీ పేరు మరిచిపో. రేపటినుంచి పొట్టు ఊడువు, అది చాలు" అన్నారు.

క్లాసు మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఎందుకు నవ్వానో తెలియదు. అందరూ నవ్వారు కాబట్టి నవ్వాను.

3 ఫిబ్రవరి

చేతిపని నోటుబుక్కులో రాసింది: "చట్రం సరిగ్గా అమరింది. కొలత విషయంలో జాగ్రత్త ఎంత ముఖ్యమో తెలుసుకున్నాను." సంతకం పడింది. పక్కన "చాలా బాగు" అని కూడా.

ఇన్నాసి పొట్టు ఊడ్చాడు. నా కాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు నేను కాళ్ళెత్తాను.

5 ఫిబ్రవరి, ఆదివారం

దేవుడా.

మధ్యాహ్నం నాయన తీరిగ్గా పెట్టె సర్దుకుంటున్నాడు. ఊరకే, మాటవరసకి అడిగాను. "నాయనా, ఆ స్కేలు మీద 96లో 1 అని ఉండాదే, అది కంపెనీ నంబరా?"

నాయన ముఖం వెలిగిపోయింది. నిజంగా వెలిగిపోయింది. పదిహేనేళ్ళలో ఆయన పని గురించి నేను అడిగిన మొదటి మాట అది.

"ఈడ కూర్చో," అన్నాడు. స్కేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇనుము కరిగించి పోస్తే, చల్లారినాక అది కుంగతాది. అడుక్కి ఎనిమిదో వంతు అంగుళం కుంగతాది. అందుకని అచ్చు అంత పెద్దదిగానే చెయ్యాల. ప్రతిసారీ లెక్క కట్టుకుంటా కూర్చుంటే అయ్యే పనేనా? అందుకని స్కేలునే పొడుగ్గా చేసి పెట్టినాడు దొర. దీంట్లో అడుగు అంటే అడుగు కాదురా, అడుగూ పైన ఎనిమిదో వంతు. తొంభై ఆరు ఎనిమిదో వంతులకి ఒకటి ఎక్కువ. ఇది పోత స్కేలు. మామూలు పనికి పనికిరాదు. అందుకే నిన్ను ముట్టుకోవద్దంటి."

తర్వాత మామూలు అడుగుబద్ద తెచ్చి పక్కన పెట్టి చూపించాడు. మొదట్లో రెండూ కలిసే ఉన్నాయి. చివరికి పోయేసరికి ఉక్కు స్కేలు గీత ముందుకు పోయింది. పిల్లవాడు కూడా చూడగలడు. పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

"ఏం, ఇంజనీరింగు చదవతావా? చదువు, చదువు. నేను చెప్తా అన్నీ," అని నాయన అమ్మని పిలిచి, "చెల్లమ్మా, వీడు నా పని గురించి అడగతా వుండాడు చూడు!" అన్నాడు.

అమ్మ నాకు ఇంకో గరిటె పెరుగు వేసింది. కంచంలోనే వదిలేశాను.

నాలుగడుగులకు అర అంగుళం. ఇన్నాసి పలకలు సరిగ్గా ఉన్నాయి. తప్పు చట్రానిది.

6 ఫిబ్రవరి

చెప్పలేదు. సార్ తలనొప్పితో ఉన్నారు.

7 ఫిబ్రవరి

సార్ కొత్త పలకలు ఎక్కడినుంచో సంపాదించారు. "ఆచారి చేతికే ఇస్తా వుండా" అని అరలు నాకిచ్చారు.

ఏ కొలతకు కొయ్యాలి? పటంలో ఉన్న కొలతకు కోస్తే మళ్ళీ జారి పడతాయి. చట్రానికి సరిపోవాలంటే పోత స్కేలుతోనే కొలవాలి. తెలిసి, తెలిసి, ఆ స్కేలు తీసి పలక మీద పెట్టి గీత గీశాను. ఇన్నాసి అవతల పొట్టు ఊడుస్తున్నాడు. చీపురు ఆగింది. నేను తల ఎత్తలేదు.

ఐదు అరలూ గాడిలో బిగువుగా కూర్చున్నాయి. సార్ అన్నారు, "చూసినార్రా? చెయ్యి అంటే ఇది."

8 ఫిబ్రవరి

రేపు చెప్తాను.

9 ఫిబ్రవరి

ఎలా చెప్పడం? బాగా ఆలోచించాను. ఇది ఒక్క నా విషయం కాదు. స్కేలు సంగతి బయటపడితే, వర్కుషాపు సామాను ఇంటికెలా వచ్చిందని అడుగుతారు. గేటు దగ్గర ఎంత తనిఖీ చేస్తారో అందరికీ తెలుసు. నాయన ఉద్యోగం పోతే మా ఇల్లు ఏం కావాలి? నేను నోరు మూసుకోవడం నాయన కోసం. కొడుకన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు.

10 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ రోజు సార్ నా చేతిపని నోటుబుక్కు క్లాసులో పైకి చదివించారు, అందరూ నేర్చుకోవాలని. నన్నే చదవమన్నారు. "ఈ పని వల్ల నేను నేర్చుకున్నవి: కచ్చితత్వం, సహకారం, తోటివారి పొరపాటును సరిదిద్దడం."

తోటివారి పొరపాటును సరిదిద్దడం! అది నేనే రాశాను. ఏ ముఖం పెట్టుకుని రాశానో! చదువుతుంటే చెవులు కాలిపోయాయి. ఇన్నాసి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

13 ఫిబ్రవరి

ఇన్నాసి రాలేదు.

14 ఫిబ్రవరి

రాలేదు.

15 ఫిబ్రవరి

రాలేదు. జ్వరమేమో. ఈ మధ్య అందరికీ జ్వరాలే.

16 ఫిబ్రవరి

జ్వరం కాదు. యార్డు పక్క సందులో ఉండే ధర్మలింగం చెప్పాడు, ఇన్నాసి వాళ్ళమ్మతో బూడిద గంపలు మోస్తున్నాడట. "వాళ్ళమ్మే వద్దనిందంట. ఆ చదువు మన చేతికి అంటదు, పనికి రా అనిందంట," అన్నాడు. వాడు మామూలుగా చెప్పాడు, క్రికెట్టు స్కోరు చెప్పినట్టు.

పై కాగితాలు తిరగేసి చూశాను. ఆ స్కేలు దొర చేతిలో పెట్టి ఇచ్చిందని జనవరి ఇరవై నాలుగున నేనే రాసుకున్నాను. గేటూ లేదు, తనిఖీ లేదు. నాయన ఉద్యోగం మాట నేను కట్టుకున్న కథ. నా నోటుబుక్కులో నాకే అబద్ధం చెప్పుకున్నాను. ఛీ.

17 ఫిబ్రవరి

సౌకార్‌పేట కొట్టు నుంచి తలుపుల అద్దాలు వచ్చాయి. పటం చూసి కోసిన అద్దాలు. అమర్చబోతే చుట్టూ సందు. ఒకటి చేతిలో ఉండగానే జారబోయింది. సార్ అద్దాలు తెచ్చినవాడి మీద విరుచుకుపడ్డారు. వాడు పటం చూపించి, "నువ్వు రాసిచ్చిన కొలతే గదయ్యా," అని మొత్తుకున్నాడు. మళ్ళీ అదే మాట. ఇన్నాసి అన్నదే, కొలతకే కోశానని. ఎవడు నిజం చెప్పినా అబద్ధమైపోయే బీరువా చేసి పెట్టాను నేను.

సార్ నావైపు తిరిగి, "మీ నాయన్ని రేపు ఒకసారి రమ్మను. మేస్త్రి చెయ్యి పడితేనే ఇది తేలతాది," అన్నారు.

నాయనకు చెప్పను అనుకున్నాను. కానీ సార్ చీటీ రాసి అతికించి ఇచ్చారు.

18 ఫిబ్రవరి, శనివారం

శనివారం వర్కుషాపు ఒంటిపూట. నాయన ఉతికిన చొక్కా, అంచు పంచె కట్టుకుని బడికి వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచాడు. నేను ఎప్పుడూ భయపడేవాణ్ణి, నాయన బడికి వస్తే పొట్టు వాసన వస్తుందనీ, మావాళ్ళు నవ్వుతారనీ. ఈ రోజు ఆ భయం గుర్తుకే రాలేదు.

బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు. మూల మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. "ఎవురు చేసినారు?" అన్నాడు.

"మీవాడే మేస్త్రీ! ఆచారి రక్తం గదా," అన్నారు సార్.

నాయన నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను. జేబులోంచి మామూలు అడుగుబద్ద తీసి అద్దం కొలిచాడు. పటం చూశాడు. సరిగ్గా ఉంది. చట్రం కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

"నాలుగడుగులకి అర అంగుళం ఎక్కువ," అన్నాడు తనలో తను. "అడుక్కి ఎనిమిదో వంతు."

ఆ లెక్క ఆయనకు తన పేరు ఎంత తెలుసో అంత తెలుసు. బద్ద పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అదెట్ల మేస్త్రీ?" అన్నారు సార్. "మీ ఉక్కు స్కేలుతోనే గదా కొలిచింది అంతా. ముందే ఒకడు అరలు పొట్టిగా కోసి, ఐదు పలకలు నాశనం చేసినాడు. దాంతోనే కొలిచి పట్టినా. వాణ్ణి తీసేసి, మీవాడి చేత మళ్ళా చేయించినా."

నాయన నావైపు చూశాడు. నేను నేల చూశాను.

"చుట్టూ సన్న చెక్క బద్దెలు కొడితే అద్దం నిలబడతాది సార్," అన్నాడు నాయన. అంతే. చొక్కా విప్పి వంకీకి తగిలించి, సాయంత్రం దాకా ఒక్కడే బద్దెలు చెక్కి కొట్టాడు. నేను మేకులు అందించాను. ఒక్కసారి కూడా నా పేరు పెట్టి పిలవలేదు.

దారి పొడుగునా నాయన ముందు, నేను వెనక.

19 ఫిబ్రవరి, ఆదివారం

నాయన అన్నం దగ్గర కూర్చున్నాడు. తినలేదు. అమ్మ ఏమైందని అడిగితే, "పన్ను నొప్పి" అన్నాడు.

తర్వాత నన్ను పిలిచాడు. నూనెగుడ్డ విప్పి స్కేలు కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నువ్వు ఆపొద్దు అడిగితివే, కంపెనీ నంబరా అని. అప్పటికే ఇది బడికి పోయి వచ్చిందా?"

"పోయి వచ్చింది."

"అరలు మళ్ళా చేసింది నేను చెప్పినాకా, చెప్పకముందా?"

ముందే అని చెప్దామనుకున్నాను. నాలుక దాకా వచ్చింది.

"చెప్పినాక," అన్నాను.

నాయన కళ్ళు మూసుకున్నాడు. "నా పని గురించి అడిగినావని నేను వీధంతా చెప్పుకున్నా," అన్నాడు.

స్కేలు మళ్ళీ గుడ్డలో చుడుతూ అన్నాడు, "ఆ పిల్లోడు యాడుంటాడు?"

"యార్డు పక్కన, కాలవగట్టు మీద."

"నువ్వు పోతావా, నేను పోయేదా?"

"నేనే పోతా నాయనా."

20 ఫిబ్రవరి, సోమవారం

ముందు సార్ దగ్గరికి పోయాను. అందరూ ఇంటర్వెల్‌కి పోయాక, స్కేలు పక్కన అడుగుబద్ద పెట్టి చూపించాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు. పదిహేను రోజులు మోసింది రెండు నిమిషాల మాట!

సార్ లేచి తలుపు మూశారు. నన్ను తిడతారనుకున్నాను. స్టూలు మీద కూలబడ్డారు.

"ముప్పై ఏండ్లుగా పిల్లోళ్ళకి కొలతలు చెప్తా వుండా," అన్నారు. "రెండూ పక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదే! ఆ పిల్లోడు మూడుసార్లు కొలిచినా అని చెప్తా ఉంటే కూడా తోచలేదే. నీ స్కేలు మెరస్తా ఉండె, నమ్మేస్తి."

ముఖం తుడుచుకున్నారు. "వాణ్ణి రమ్మను. ఇంజనీరింగుకి పేరు రాస్తా. ఎందుకు తీసినా, ఎందుకు రాసినా అని మాత్రం క్లాసులో చెప్పలేనురా. ఇన్‌స్పెక్టరు వచ్చే టైము. నువ్వూ ఎవురి దగ్గరా అనొద్దు" అన్నారు.

బయటికి వచ్చేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. అయిపోయింది! వాడి పేరు వాడికి తిరిగి వచ్చింది. రేపు పోయి ఈ మంచి కబురు చెప్తే వాడు ఎగిరి గంతేస్తాడు.

మంగళవారం రాత్రి రాస్తున్నాను: పైన రాసింది కొట్టెయ్యను. సోమవారం సాయంత్రం నేను ఇంత సంతోషంగా ఉన్నాను అనేది కూడా ఉండాలి ఇందులో.

21 ఫిబ్రవరి, మంగళవారం

బడి వదలగానే పోయాను. కాలవగట్టు మీద గుడిసెలు. ఇన్నాసి బయట తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. మోకాళ్ళ దాకా బూడిద. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రేయ్, నీ పేరు మళ్ళా రాస్తారంట ఇంజనీరింగుకి! సార్ రమ్మన్నాడు," అన్నాను, బహుమతి తెచ్చినవాడిలాగా.

"ఎందుకంట?"

చెప్పాను. స్కేలు, పోత, ఎనిమిదో వంతు, అంతా చెప్పాను. "నాకప్పుడు తెలీదురా" అని రెండుసార్లు అన్నాను.

వాడు కాళ్ళు కడుక్కోవడం పూర్తి చేశాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీ స్కేలు పొడుగని. పలకలు పడిపోయిన పొద్దే తెలుసు. నువ్వు నీళ్ళు తాగేదానికి పోతివి. అప్పుడు బడి బద్ద దాని పక్కన పెట్టి చూసినా."

"మరి చెప్పలేదే?"

"ఎవురికి చెప్పేది? సార్ నమ్మతాడా? నీకు తెలీదనుకుంటి. తెలిస్తే నువ్వే చెప్తావులే అనుకుంటి." పంచె చెంగుతో చేతులు తుడుచుకున్నాడు. "ఊడస్తా ఊడస్తా చూస్తా వుంటి. ఆపొద్దు నువ్వు మళ్ళా ఆ స్కేలే తీసి, కొత్త పలక మీద గీత గీస్తివే. నావైపు చూడకుండా గీస్తివే. అప్పుడు తెలిసింది, నీకు తెలిసిపోయిందని. ఇంక ఎందుకు వచ్చేది బడికి?"

ఇన్ని కాగితాలు నింపాను, వాడికి తెలుసనే ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అదీ అబద్ధమే, ఆ చీపురు ఎందుకు ఆగిందో నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు రాసుకున్నాను.

"క్షమించు" అన్నాను. వాడు దాన్ని పట్టించుకోలేదు.

"సార్ నాకు చెప్పకపోతే పాయె. క్లాసులో చెప్పకపోతే పాయె. మా అమ్మకి చెప్పు," అన్నాడు. "నేను చెప్తే, తప్పించుకునేదానికి చెప్తా వుండావు అనింది. లోపల ఉండాది. పో."

లోపల లూర్దుమేరి పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి గబగబా లేచి, పీట కొంగుతో తుడిచి వేసింది. "ఆచారయ్య బిడ్డ! మా ఇంటికే వచ్చినావా నాయినా? కూర్చో. ఈడ నేల మీద వద్దు, పీట మీద కూర్చో. బీరువా శానా బాగా చేసినావంట. ధర్మలింగం చెప్పినాడు. అందరికీ వస్తాదా ఆ చెయ్యి! మావోడికి ఆశ జాస్తి, చెయ్యి రాలేదు. ఏం చేసేది? మా చేతులు గంప పట్టేదానికే పుట్టినాయి," అంది.

పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఇన్నాసి గుమ్మంలో నిలబడ్డాడు.

"వాడి పలకలు సరిగ్గానే ఉండాయమ్మా. వాడు కోసింది సరి. నేను కోసింది తప్పు. నాకు తెలిసి కూడా పదిహేను దినాలు చెప్పలేదు. వాడి చెయ్యి మంచిది. నా చెయ్యే..." అంతకంటే రాలేదు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం.

ఆమె నన్ను దాటుకుని గుమ్మం దగ్గరికి పోయింది. ఇన్నాసి కుడిచెయ్యి పట్టుకుని, చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి మీద పుల్లతో కొట్టిన వాతలు, రెండు మూడు, మానుతున్నాయి. వాటి మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

"నేను మూడుసార్లు కొలిచినా అని చెప్పినాడే," అంది. "పొయ్యికాడ కూర్చోని ఏడస్తా చెప్పినాడే. అబద్ధం ఆడతా వుండాడని కొడితినే."

తర్వాత నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నా బిడ్డని నా చేత్తోనే కొట్టిస్తివి గదా నాయినా."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు, నా కోసమే.

"చెప్పినావా?"

"చెప్పినా."

"ఆ పిల్లోడు బడికి వస్తాడా?"

"వస్తా అన్లేదు. రాను అనీ అన్లేదు."

"వాళ్ళమ్మ ఏమన్నది? తిట్టిందా?"

తిట్టి ఉంటే చెప్పగలిగేవాణ్ణి. "లేదు నాయనా. నన్ను నాయినా అనే అన్నది," అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే ఏడుపు తన్నుకొచ్చింది. వీధిలో అందరూ చూస్తుండగా ఏడ్చాను. నాయన ఊరుకోమని అనలేదు.